మూల్యాంకన పరిశోధనకి సీనియర్ ప్రొఫెసర్: రెండుసార్లు ప్రకటన ఇచ్చినా సరైనవాళ్లు రావట్లేదు, ఎక్కడ తప్పుతున్నాం?

యలహంక_వాణి:

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం, ఎడ్యుకేషన్ స్కూల్. మూల్యాంకన పరిశోధనకి ఒక సీనియర్ ప్రొఫెసర్ కావాలి. పని ఇదీ: బడి పిల్లల అభ్యసన సర్వేలు తయారుచేయడం, ఒక పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టడం, నలుగురైదుగురు పీహెచ్‌డీ విద్యార్థులకి గైడ్‌గా ఉండడం.

రెండు విడతల్లో 40కి పైగా దరఖాస్తులు వచ్చాయి. సగం మంది బీఎడ్ కాలేజీల్లో ‘మాపనం, మూల్యాంకనం’ పేపరు చెప్పినవాళ్లు. ఇంకొంతమంది కాలేజీలకి గ్రేడింగ్ ఇచ్చే నాక్ కోసం ఫైళ్లు తయారుచేసినవాళ్లు. నాక్ ఆఫీసు నాగరభావిలోనే ఉంది కదా, ఈ ఊళ్లో అసెస్‌మెంట్ అంటే అదే అనుకుంటారేమో. స్టాటిస్టిక్స్ గట్టిగా వచ్చినవాళ్లు ఇద్దరున్నారు గానీ, ‘ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ లేదు’ అని స్క్రూటినీలోనే పక్కన పెట్టేశారు.

ప్రకటన ఎలా రాయాలి? సెలెక్షన్ కమిటీలో ఎవరుండాలి? ఇంటర్వ్యూలో అసలు పని వచ్చో రాదో ఎలా తెలుసుకోవాలి? నియామకాల పని తెలిసినవాళ్లు, సబ్జెక్టు తెలిసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

స్క్రూటినీ_సెక్షన్:

వాణి గారూ, ముందు ఒకటి తేల్చుకోండి. ‘సీనియర్ ప్రొఫెసర్’ అని మీరంటున్నది హోదానా, లేక బాగా అనుభవం ఉన్న ప్రొఫెసర్ అనా? 2018 జూలై నాటి యూజీసీ నిబంధనల్లో అది వేరే మెట్టు. ప్రొఫెసర్‌ది పే లెవెల్ 14, మొదటి మూలవేతనం 1,44,200 రూపాయలు. సీనియర్ ప్రొఫెసర్‌ది లెవెల్ 15, 1,82,200. ఆ మెట్టు ఎక్కాలంటే ప్రొఫెసర్‌గానో ఆ స్థాయి ఉద్యోగంలోనో కనీసం 10 ఏళ్లు చేసి ఉండాలి, 10 పబ్లికేషన్లు ఉండాలి, తన దగ్గర ఇద్దరికి పీహెచ్‌డీ వచ్చి ఉండాలి. ముగ్గురు నిపుణులు ఆ పనంతా చూసి అనుకూలంగా రాయాలి. ఆ ముగ్గురూ సీనియర్ ప్రొఫెసర్లు గానీ, 10 ఏళ్లు దాటిన ప్రొఫెసర్లు గానీ అయ్యుండాలి. పైగా మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో 10 శాతానికి మించి ఈ హోదా ఇవ్వకూడదు. ఎనిమిది పోస్టులున్న చోట లెక్క ఒకటికి కూడా రాదు.

మీకు ఆ హోదాతో పని లేదనుకుంటాను. మన దేశంలో ఈ రంగం తెలిసినవాళ్లలో చాలామంది సర్వే సంస్థల్లో, పరీక్షల బోర్డుల్లో, టెస్టింగ్ కంపెనీల్లో ఉంటారు. పదేళ్ల ప్రొఫెసర్‌గిరీ వాళ్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రకటన ‘ప్రొఫెసర్’ అనే ఇవ్వండి. దానికి రెండు దారులున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే: పీహెచ్‌డీ, 10 పబ్లికేషన్లు, 10 ఏళ్ల బోధన లేదా ఆ స్థాయి పరిశోధన, పీహెచ్‌డీ గైడ్ చేసిన ఆధారం, పేపర్లకి, ఇతర పరిశోధన పనికి యూజీసీ పట్టిక ప్రకారం వేసే రీసెర్చ్ స్కోరు 120. రెండోది పీహెచ్‌డీతో పాటు 10 ఏళ్ల అనుభవం, తన రంగంలో గట్టి కృషి ఉన్న వృత్తి నిపుణుల కోసం. చాలా ప్రకటనల్లో ఈ రెండోది రాయరు. రాయకపోతే స్క్రూటినీ గుమస్తా దాన్ని లెక్కలోకి తీసుకోడు, తప్పు అతనిది కాదు.

పీహెచ్‌డీ విషయంలోనూ అంతే. నిబంధనలో ఉన్నది సంబంధిత లేదా అనుబంధ విభాగంలో పీహెచ్‌డీ అని. మీరు ‘ఎడ్యుకేషన్‌లో’ అని కుదించేశారు. ‘ఎడ్యుకేషన్, సైకాలజీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, భాషాశాస్త్రం’ అని పేర్లు పెట్టి రాయండి. ఒక జాగ్రత్త: ఈ పోస్టుని బీఎడ్, ఎంఎడ్ అధ్యాపకుల జాబితాలో చూపిస్తే టీచర్ శిక్షణ కోర్సుల్ని నియంత్రించే ఎన్‌సీటీఈ నిబంధనలు వచ్చి పడతాయి, అక్కడ ఎంఎడ్ కూడా అడుగుతారు. స్టాటిస్టిక్స్ మనిషి మళ్లీ బయటికే. పోస్టుని పరిశోధన కేంద్రం కింద మంజూరు చేయించండి.

స్కోరు పట్టికతో ఇంకో చిక్కుంది. ఇద్దరు కలిసి రాసిన పేపర్‌కి చెరో 70 శాతం. ముగ్గురు, ఆపైన ఉంటే మొదటి రచయితకి లేదా కరెస్పాండింగ్ రచయితకి 70, మిగతావాళ్లకి తలా 30. పెద్ద సర్వేల మీద పేపర్లు ఆరేడుగురు కలిసి రాస్తారు, కాబట్టి మంచి పని చేసినవాళ్లకే స్కోరు తగ్గిపోతుంది. పాలసీ పత్రాలకి అంతర్జాతీయ స్థాయిలో 10, జాతీయ స్థాయిలో 7, రాష్ట్ర స్థాయిలో 4 వస్తాయి గానీ, అవీ ఆహ్వాన ప్రసంగాలూ కలిపి మొత్తంలో 30 శాతం దాటకూడదు. స్కోరు కనీసం మూడు రకాల పనుల నుంచి రావాలి కూడా. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ ప్రభావ సూచి) పాయింట్లు మూల పాయింట్లకి కలపాలా, వాటి బదులు వేయాలా అన్నది మీ దగ్గర ఎలా చేస్తారో ప్రకటనలోనే ఒక ఉదాహరణతో చూపించండి. కోర్టు కేసులు ఇక్కడే పుడతాయి.

2025 జనవరిలో వచ్చిన యూజీసీ ముసాయిదా నిబంధనల్లో ఈ స్కోరు తీసేసి, తొమ్మిది రకాల కృషిలో కనీసం నాలుగు చూపమన్నారు. ముసాయిదాని చూసి ప్రకటన రాయకండి. ప్రకటన తేదీకి ఏ గెజెట్ అమల్లో ఉందో అదే ఆధారం.

ఇక కమిటీ. వీసీ, ఛాన్సలర్ నామినీ, డీన్, విభాగాధిపతి, వీళ్లతో పాటు ముగ్గురు సబ్జెక్టు నిపుణులు. కోరం నలుగురు, వాళ్లలో ఇద్దరు బయటి నిపుణులు ఉండి తీరాలి. ఆ ముగ్గురినీ వీసీ తనకి నచ్చినట్టు పిలవడానికి లేదు, ముందే ఆమోదం పొందిన ప్యానెల్ నుంచే తీసుకోవాలి. మీ ‘ఎడ్యుకేషన్’ ప్యానెల్ తెరిచి చూడండి, విద్యా తత్వశాస్త్రం, బోధనా పద్ధతులవాళ్లే ఉంటారు. వాళ్ల ముందు సైకోమెట్రిక్స్ (పరీక్షల కొలత శాస్త్రం) మనిషిని కూర్చోబెడితే ‘నెట్ ఎప్పుడు రాశారు’ దగ్గరే ఆగిపోతుంది. ప్యానెల్‌లో కొత్త పేర్లు చేర్చాలంటే అకడమిక్ కౌన్సిల్ కూర్చోవాలి. కాబట్టి ప్రకటన కంటే ముందు చేయాల్సిన పని అది. అభ్యర్థికి గైడ్‌గా ఉన్నవాళ్లు, ఈ అయిదేళ్లలో కలిసి పేపర్లు రాసినవాళ్లు కమిటీలో కూర్చోకూడదని మీరే ఒక నియమం పెట్టుకోండి. ఈ రంగం చిన్నది, ఒకరికొకరు తెలియనివాళ్లు తక్కువ.

లాగిట్:

పైన చెప్పినదానికి సబ్జెక్టు వైపు నుంచి. ‘మూల్యాంకనం’ అన్న ఒక్క మాట మూడు రకాల పనివాళ్లని పిలుస్తుంది. ఒకరు తరగతి గదివాళ్లు: టీచర్ పిల్లవాడి నోట్సు చూసి ఏం చెప్పాలి, నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) ఎందుకు కాగితాల మోతగా మారింది, ఇలాంటివి. ఇంకొకరు పరీక్షలవాళ్లు: బ్లూప్రింట్, ప్రశ్నపత్రం, మోడరేషన్, వాల్యుయేషన్. మూడోవాళ్లు కొలతవాళ్లు. మీరు రాసిన పనికి మూడోవాళ్లు కావాలి. మొదటి ఇద్దరూ తక్కువవాళ్లని కాదు, వాళ్ల పని అది కాదు, అంతే.

కాబట్టి ప్రకటనలో రంగం పేరు ఒక లైను, పని నాలుగు లైన్లు ఉండాలి. పిల్లలందరికీ అన్ని ప్రశ్నలూ ఇవ్వకుండా బుక్‌లెట్లుగా పంచి పెట్టే డిజైన్, ఐఆర్‌టీ (ఐటమ్ రెస్పాన్స్ థియరీ) స్కేలింగ్, అంటే ప్రశ్నల కష్టాన్ని, పిల్లల స్థాయిని ఒకే స్కేలు మీద లెక్కగట్టడం, ఈ ఏటి స్కోర్లని నిరుటి స్కోర్లతో ఒకే కొలబద్ద మీదికి తేవడం (లింకింగ్), అనువాదమైన ప్రశ్నలు భాషల మధ్య ఒకేలా పనిచేస్తున్నాయో లేదో చూడడం, ఏ స్థాయికి ఎన్ని మార్కులు కావాలో చెప్పే కట్ స్కోర్లు నిర్ణయించడం. ఇవి చదివితే నాక్ ఫైళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆగిపోతారు.

పేపర్లో ప్రకటన వేసి కూర్చుంటే మాత్రం మనుషులు రారు. సెర్చ్ కమిటీ వెళ్లి వెతకాలి. మైసూరులోని భారతీయ భాషల సంస్థ సీఐఐఎల్‌లో నేషనల్ టెస్టింగ్ సర్వీస్ మీద పనిచేసినవాళ్లున్నారు, అక్కడే ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో టెస్టింగ్, ఎవాల్యుయేషన్‌కి విభాగమే ఉంది. ఢిల్లీలో ఎన్‌సీఈఆర్‌టీ సర్వే విభాగం, అదే సంస్థలో 2023లో మొదలైన జాతీయ మూల్యాంకన కేంద్రం పరఖ్. బెంగళూరులోనే మైసూరు రోడ్డు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ఉంది, అక్కడ పాఠ్యాంశం తెలియకపోయినా లెక్క తెలిసినవాళ్లు దొరుకుతారు. విదేశాల్లో ఈ పని చేస్తున్న మనవాళ్లకి చేరాలంటే అమెరికాలోని విద్యా పరిశోధన, కొలత సంఘాలైన ఏఈఆర్ఏ, ఎన్‌సీఎంఈ సభ్యులకి తెలిసేలా పెట్టండి.

బయోడేటా చదివేటప్పుడు పేపర్ల సంఖ్య తర్వాత చూడండి. మూడు పేపర్లు తెరిచి పద్ధతి చెప్పిన పేజీ చదివితే మనిషి తెలిసిపోతాడు. ‘క్రాన్‌బాక్ ఆల్ఫా 0.82 వచ్చింది కాబట్టి పరీక్ష సప్రమాణం’ అని రాసి ఉంటే అక్కడితో ఆపేయండి. ఆల్ఫా చెప్పేది విశ్వసనీయత (మార్కులు నిలకడగా వస్తాయా) గురించి, సప్రమాణత (కొలవాల్సిందే కొలుస్తోందా) గురించి కాదు. ఐఆర్‌టీ వాడామంటే ఏ మోడల్, ఎంతమంది పిల్లలు అన్నది చూడండి. ప్రశ్నకి కష్టం ఒక్కటే లెక్కగట్టే రాష్ మోడల్‌కి రెండు మూడు వందలమందితో సరిపెట్టుకోవచ్చు, రెండు పారామీటర్లకి 500 దాకా, మూడు పారామీటర్లకి వెయ్యి పైన కావాలి. 300 మందితో మూడు పారామీటర్ల మోడల్ వేశామని రాసినవాళ్లు సాఫ్ట్‌వేర్ నడిపారే గానీ అవుట్‌పుట్‌లో ఎర్రర్లు చూడలేదు.

రీవాల్యుయేషన్:

లాగిట్ గారూ, మీ జాబితాతో పేచీ లేదు, ఒక్కటి తప్ప. కర్ణాటకలో పని చేసే మనిషికి లెక్క ఒక్కటే చాలదు. పావగడ, బాగేపల్లి, ముళబాగిలు వైపు వెళ్తే ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కల్యాణ కర్ణాటకలో ఉర్దూ మీడియం బళ్లున్నాయి. ప్రశ్నని పిల్లవాడు ఎలా చదువుతున్నాడో పక్కన కూర్చుని వినని మనిషి ఎంత స్కేలింగ్ చేసినా ఏం లాభం? అభ్యర్థికి కన్నడ రాకపోయినా పరవాలేదు, కానీ ప్రశ్నల్ని పెద్ద పరీక్షకి ముందు పదిమంది పిల్లలకి ఇచ్చి, ఏం ఆలోచిస్తున్నారో పైకి చెప్పించి చూసే అలవాటు ఉందా లేదా అడగండి.

ఇంకోటి, వచ్చేది యాభై దాటిన మనుషులు. వాళ్లకి టెస్టు పెడతామంటే మన దగ్గర నొచ్చుకుంటారు, మంచివాళ్లే ముందు తప్పుకుంటారు. ప్రసంగం చేయించండి చాలు.

యలహంక_వాణి:

ప్రసంగం కిందటిసారి పెట్టాం అండీ. స్లైడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, అందరూ బాగా మాట్లాడారు. ఎవరు ఎంత లోతో మాకు తెలియలేదు. ఇంటర్వ్యూకి మనిషికి 25 నిమిషాలు ఇస్తున్నాం. టెస్టు అనిపించకుండా ఏం చేయొచ్చు?

లాగిట్:

రీవాల్యుయేషన్ గారు చెప్పింది నిజమే, ‘టెస్టు’ అన్న మాటే వద్దు. ఒక రిపోర్టు పంపి ‘మా కేంద్రం మొదటి ఏడాది ఇలాంటివి చూడాల్సి వస్తుంది, మీ అభిప్రాయం కావాలి’ అని రాయండి. రెండు పేజీలు, పది రోజుల ముందు, అందరికీ ఒకటే. ఇంటర్వ్యూ 25 నిమిషాలు కాదు, గంట పెట్టండి, అందులో సగం దీని మీదే. రిపోర్టు కల్పితమని పైన రాసేయండి, లేకపోతే ఎవరి డేటా అని అనుమానపడతారు.

అందులో నాలుగు లోపాలు దాచాలి. ఉదాహరణకి ఇలా తయారుచేయొచ్చు. ఆరో తరగతి లెక్కలు, 30 ప్రశ్నలు, కన్నడ మీడియం 900 మంది, తెలుగు మీడియం 300 మంది.

17వ ప్రశ్న: సరైన జవాబు ‘ఎ’ అని ఉంటుంది, దాన్ని గుర్తించినవాళ్లు 22 శాతం, మొత్తం మార్కులతో సహసంబంధం మైనస్ 0.15, అంటే మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లలే దాన్ని తక్కువగా గుర్తించారు. ‘సి’ గుర్తించినవాళ్లు 51 శాతం, దాని సహసంబంధం ప్లస్ 0.41. రిపోర్టులో ‘ఈ అంశం పిల్లలకి కష్టంగా ఉంది, టీచర్లకి శిక్షణ ఇవ్వాలి’ అని రాసి పెట్టండి. పని తెలిసిన మనిషి పట్టిక చూసిన నిమిషంలో జవాబుల కీ తప్పు పడిందని అంటారు. తెలియనివాళ్లు శిక్షణ ఎలా ఇవ్వాలో పదినిమిషాలు చెప్తారు.

23వ ప్రశ్న: పొలం పొడవు, వెడల్పు ఇచ్చి వైశాల్యం అడిగేది. కన్నడ పిల్లలు 58 శాతం, తెలుగు పిల్లలు 31 శాతం సరిగ్గా చేశారు. రెండు గుంపుల సగటు మార్కులు మాత్రం సమానం. రిపోర్టు ‘తెలుగు మీడియంలో క్షేత్రమితి బలహీనం’ అంటుంది. ఇక్కడ అభ్యర్థి అడగాల్సిన మొదటి ప్రశ్న, ఒకే స్థాయి పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోల్చారా అని. అలా పోల్చే మాంటెల్ హాన్‌జెల్ పద్ధతి పేరెత్తి, తేడా పెద్దదని చెప్పే గీత, డెల్టా కొలతలో 1.5, దాటిందా అని అడిగితే ఇంకా మంచిది. అసలు మనిషి ఇంకో మెట్టు దిగి ‘తెలుగు పేపర్లో ప్రశ్న ఎలా ఉందో చూపిస్తారా’ అంటారు. అప్పుడు అనువాదం తీసి ముందు పెట్టండి. కన్నడలో వైశాల్యాన్ని ‘విస్తీర్ణ’ అంటారు. అనువాదకుడు దాన్నే ‘విస్తీర్ణం’ అని దించేశాడు. మనకి ఆ మాట తెలుసు, ఊళ్లో భూమి విస్తీర్ణం అంటాం. కానీ తరగతిలో ‘వైశాల్యం’ అని నేర్చుకున్న పిల్లవాడు పరీక్ష హాల్లో దాన్ని పట్టుకోలేకపోవచ్చు. లెక్క రాక పోలేదు, మాట అడ్డం వచ్చిందని అనుమానించడం దగ్గర మొదలుపెట్టిన అభ్యర్థిని వదలకండి.

మూడో లోపం: నిరుడు సగటు 54, ఈ ఏడు 61, ‘ఏడు పాయింట్లు మెరుగు’ అని రాసి పెట్టండి. రెండేళ్ల పేపర్లలో ఉమ్మడి ప్రశ్న ఒక్కటీ లేదని చిన్న అక్షరాల్లో కింద ఉండాలి. పేపరు తేలికైందో పిల్లలు మెరుగయ్యారో ఆ డేటా చెప్పలేదు. నాలుగోది: విశ్వసనీయత 0.62, బడికి 12 మంది పిల్లలు, అయినా బడులకి ర్యాంకులు. సగటుకి పక్కన ప్రామాణిక దోషం (ఆ సగటు ఎంత అటూఇటూ కావచ్చో) రాస్తే పదో ర్యాంకూ నలభయ్యో ర్యాంకూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇది చెప్పడమే కాదు, ర్యాంకులు కావాలని పట్టుబట్టే అధికారికి ఎలా చెప్తారో అడగండి. కేంద్రం నడిపే మనిషికి అది రోజూ ఉండే పని.

సర్వే డేటా విశ్లేషణ కూడా చూడాలనుకుంటే పీసా అనే అంతర్జాతీయ అభ్యసన సర్వే డేటా అందరికీ దొరుకుతుంది. ప్రతి పిల్లవాడికి ఒక్క మార్కు ఉండదు, 2012 దాకా అయిదు, 2015 నుంచి పది ప్లాసిబుల్ వాల్యూలు (ఆ పిల్లవాడికి వచ్చి ఉండగల మార్కుల అంచనాలు) ఉంటాయి, వాటితో పాటు దోషం లెక్కగట్టడానికి 80 రెప్లికేట్ వెయిట్లు. ‘పదింటికీ సగటు తీసి రిగ్రెషన్ వేస్తాం’ అన్నవాళ్లకి దోషం తక్కువగా వస్తుంది, ఆ సంగతి వాళ్లకి తెలియదు. ఒక్కో వాల్యూతో విడిగా చేసి తర్వాత కలపాలి. ఇది నోటితో అడిగితే చాలు, కంప్యూటర్ అక్కర్లేదు.

మల్లేశ్వరం_18వ_క్రాస్:

ఎంపిక అయ్యాక జారిపోయే కేసులే ఎక్కువ కాబట్టి ఆ వైపు రాస్తాను.

జూలైలో చేరాలంటే నిరుటి అక్టోబర్‌కే ప్రకటన బయటికి రావాలి. దరఖాస్తులకి నెల, స్క్రూటినీ, నిపుణుల అభిప్రాయాలకి రెండు నెలలు, ఇంటర్వ్యూ, బోర్డు ఆమోదం ఫిబ్రవరి దాకా. మూడు నెలల నోటీసు ఉంటుందనుకుంటే మార్చిలో ఆఫర్ వెళ్లాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లయితే ఇంటర్వ్యూ రోజే ఎన్‌వోసీ అడగండి, లీన్ (పాత పోస్టు మీద హక్కు) వస్తుందా రాదా అన్నది వాళ్ల సంస్థనే అడిగి తెలుసుకోమనండి. లీన్ రాకపోతే పెన్షన్ మీద భయంతో ఆఖరి వారంలో వెనక్కి తగ్గుతారు. విదేశీ పౌరులైతే ఎంప్లాయ్‌మెంట్ వీసా, 180 రోజులు దాటే వీసాకి వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు ఆఫీసు (ఎఫ్ఆర్ఆర్‌వో)లో రిజిస్ట్రేషన్. ఓసీఐ కార్డు ఉన్న భారత సంతతివాళ్లకి ఎంప్లాయ్‌మెంట్ వీసా అక్కర్లేదు. విదేశీ పీహెచ్‌డీ ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే సమానత్వ పత్రం ఆఫర్ తర్వాత కాదు, స్క్రూటినీలోనే మొదలుపెట్టించండి.

జీతం గురించి పెద్దగా బేరమాడరు. వాళ్లు అడిగేది డేటా. రాష్ట్ర విద్యాశాఖతో గానీ, పరీక్షల బోర్డుతో గానీ మీకు ఒప్పందం ఉందా, ప్రశ్నవారీ జవాబులు ఇస్తారా లేక సగటులు మాత్రమేనా? సగటులతో ఐఆర్‌టీ చేయడం కుదరదు. ఒప్పందం లేకపోతే ‘ప్రయత్నిస్తున్నాం’ అని ఉన్నదున్నట్టు ఆఫర్‌కి ముందే చెప్పండి.

రెండోది మనుషులు: ఒక పోస్ట్‌డాక్, ప్రశ్నలు రాయించే ఒకరు, డేటా చూసే ఒకరు, కన్నడ అనువాదాలు సరిచూసేవాళ్లు. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెద్దగా పట్టదు, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఐఆర్‌టీకి వాడే మర్ట్, టామ్ ప్యాకేజీలు ఉచితం. సర్వేకి పిల్లల దగ్గరికి వెళ్లే ప్రయాణాలకి, ఇన్విజిలేటర్లకి పడుతుంది. వీటిని ఆఫర్ లెటర్‌లో సంఖ్యలతో రాయండి. ‘తగిన సహకారం అందించబడును’ అన్న వాక్యాన్ని ఎవరూ నమ్మరు. బోధన గంటలు మొదటి ఏడాది ఒక కోర్సుకి మించకుండా రాసివ్వండి. క్యాంపస్ యలహంక వైపు, ఇల్లు జేపీ నగర్ అయితే రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే, కాబట్టి క్వార్టర్స్ ఉంటే అదీ చేర్చండి.

యలహంక_వాణి:

అందరికీ ధన్యవాదాలు. ప్యానెల్‌లో పేర్లు చేర్చే అంశం వచ్చే అకడమిక్ కౌన్సిల్ అజెండాలో పెట్టిస్తున్నాను, ప్రకటన దాని తర్వాతే. మా ప్రకటన కొత్త ముసాయిదాలో అర్హత ఇలా రాశాను, చూడండి:

‘ప్రొఫెసర్, మూల్యాంకన పరిశోధన కేంద్రం. ఎడ్యుకేషన్, సైకాలజీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, భాషాశాస్త్రం లేదా అనుబంధ విభాగంలో పీహెచ్‌డీ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ అర్హత, లేదా పీహెచ్‌డీతో పాటు 10 ఏళ్ల వృత్తి అనుభవం, విశేష కృషి. ఐఆర్‌టీ స్కేలింగ్, లింకింగ్, బహుభాషా పరీక్షల రూపకల్పనలో చేసిన పనికి ఆధారాలు జతచేయాలి. ఎంఎడ్ ఉన్నవారికి ప్రాధాన్యం.’

స్క్రూటినీ_సెక్షన్:

చివరి వాక్యం కొట్టేయండి. ‘ప్రాధాన్యం’ అని ఉంటే స్క్రూటినీలో దానికి మార్కులు వేయాల్సి వస్తుంది, కిందటిసారి పోగొట్టుకున్న ఇద్దరూ మళ్లీ అక్కడే పోతారు. ‘2018 నిబంధనలు’ పక్కన ‘ఎప్పటికప్పుడు సవరించిన ప్రకారం’ అని చేర్చండి. ఆధారాలు అంటే ఏవో కూడా రాయండి: మూడు పేపర్లు, ఒక టెక్నికల్ రిపోర్టు, ఆ రిపోర్టులో తన భాగం ఏదో చెప్పే అరపేజీ. ఆరేడుగురి పేర్లున్న రిపోర్టులో ఎవరు ఏం చేశారో ఆ అరపేజీ లేకుండా కమిటీకి తెలియదు.